గ్యాలరీలో బెంచీయా, మెషీన్ ముందు కుర్చీయా?

ఈసారి ఉత్తరం అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలిది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 31. జర్నలిజంలో డిగ్రీ, ఆపైన పీజీ చేశారు. ఒక ఇంగ్లీషు దినపత్రికలో ఐదేళ్ళు పనిచేశారు. అందులో చివరి రెండేళ్ళు కోర్టు బీట్. పెళ్ళయి అమెరికా వచ్చారు. బాబుకి నాలుగేళ్ళు. భర్తది హెచ్-1బీ వీసా. ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందింది కనుక ఈమెకు, భార్యగా వచ్చిన హెచ్-4 వీసా మీద, పనిచేసుకునే ఈఏడీ కార్డు వచ్చింది. కార్డయితే ఉంది గానీ పని లేదు. ఏడాదిన్నరలో నలభైకి పైగా పత్రికలకు, న్యూస్ సైట్లకు దరఖాస్తు పెట్టారు. జవాబిచ్చింది ముగ్గురు, ముగ్గురూ 'సారీ' అన్నవాళ్ళే.

ఒకరోజు బాబుని స్కూల్లో దింపి, ఇంటికి వెళ్ళబుద్ధి కాక, దగ్గర్లోని కౌంటీ కోర్టుకి వెళ్ళి గ్యాలరీలో కూర్చున్నారు. రోడ్డు ప్రమాదం కేసేదో నడుస్తోంది. "ఆ రోజు మీరు సిగ్నల్ చూశారా, లేదా?" అని లాయరు సాక్షిని అడిగాడు. సాక్షి వెంటనే బదులు చెప్పలేదు. కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, జ్యూరీ వైపు కాకుండా కిటికీ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆమె చూపు జడ్జి ముందు చిన్న మెషీన్ పెట్టుకుని కూర్చున్న మహిళ మీద పడింది. ఆవిడ కోర్టు రిపోర్టర్, అంటే వార్తలు రాసే మనిషి కాదు, కోర్టులో ఎవరేమన్నా పొల్లుపోకుండా రికార్డుకి ఎక్కించే మనిషి. విరామంలో పలకరిస్తే, "మా వృత్తిలోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు, మీరెందుకు రాకూడదు?" అన్నారట. ఆ రోజు నుంచీ ఇదే ధ్యాస.

ఇంట్లో భర్త అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టం. కానీ ఏఐ వచ్చేస్తుంటే మూడేళ్ళు కూర్చుని టైపింగ్ నేర్చుకోవడమేంటి?" అన్నారు. ఫోన్లో నాన్నగారు, "పీజీ చేసి, పేపర్లో పేరు చూసుకుని, ఇప్పుడు స్టెనోవి అవుతావా?" అన్నారు. ఈ రెండో మాట బాగా గుచ్చుకున్నట్టుంది, ఉత్తరంలో మూడుచోట్ల వచ్చింది. ఆమె అడిగినవి ఇవి: చదివిన జర్నలిజం వృథా అయిపోతుందా? ఇంగ్లీషు మాతృభాష కాని మనిషి ఈ పనిలో నెగ్గగలదా? ఈ వృత్తి ఇంకా పదేళ్ళు ఉంటుందా? చివరి వాక్యం యథాతథంగా ఇస్తున్నాను: "పేరు అచ్చులో చూసుకోవడం అలవాటైన దాన్ని, ఇక నా పేరు ఎక్కడా కనిపించదు కదా?"

సమాధానం:

ముందు మీ నాన్నగారి మాట. ఆయన తరంలో స్టెనో అంటే ఆఫీసరు చెప్పే ఉత్తరాలు రాసుకుని టైపు చేసిపెట్టే ఉద్యోగి. ఆ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మీరు చూసింది అది కాదు. అమెరికాలో కోర్టు రిపోర్టర్ ఎవరి డిక్టేషనూ తీసుకోరు. కేసు విచారణకి ముందు లాయర్ల ఆఫీసుల్లో సాక్షుల వాంగ్మూలం తీసుకునే డిపోజిషన్లలో చాలాసార్లు సాక్షి చేత ప్రమాణం చేయించేది కూడా రిపోర్టరే. అప్పీలు కోర్టు జడ్జీలు సాక్షిని చూడరు, అతని గొంతు వినరు. వాళ్ళ ముందుకు వచ్చేది రిపోర్టర్ తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్టే. అందులో లేని మాట, ఆ కేసుకి సంబంధించినంత వరకు, ఎవరూ అనని మాట కిందే లెక్క. 'టైపింగ్' అన్న మీవారికి కూడా ఇదే జవాబు. ఆ పనిలో ఉన్నవాళ్ళు తాము టైపు చేస్తున్నామనరు, 'రాస్తున్నాం' అంటారు.

అసలు ఆ మెషీన్ ఎలా పనిచేస్తుందో మీకు కొంచెం చెప్పాలి. తెలుగు చదువుకున్న మనిషికి అది చప్పున అర్థమవుతుంది. దాని మీద ఉండేవి 22 మీటలు. అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి కొట్టరు. హార్మోనియం మీద శ్రుతి పట్టినట్టు ఒకేసారి నాలుగైదు మీటలు నొక్కుతారు. ఎడమచేతి వేళ్ళకి మొదటి హల్లు, బొటనవేళ్ళకి అచ్చు, కుడిచేతి వేళ్ళకి చివరి హల్లు. 'క్యాట్' అనాలంటే ఎడమవైపు కె, బొటనవేలికి ఎ, కుడివైపు టి, మూడూ కలిపి ఒక్క నొక్కు. అంటే స్పెల్లింగుని బట్టి కాదు, పలుకుని బట్టి రాస్తారు. మనం 'క'కి గుణింతం పెట్టి ఒక అక్షరంగా చదువుకున్నట్టే. 22 మీటలకి అన్ని అక్షరాలూ పట్టవు కాబట్టి కొన్ని జతలుగా వస్తాయి. ఎడమవైపు టి, కె కలిపి నొక్కితే డి. తరచుగా వచ్చే మాటలకి, పదబంధాలకి 'బ్రీఫ్' అనే పొట్టి రూపాలు ఉంటాయి. ఒకేలా వినబడి వేరే అర్థాలిచ్చే మాటలకి వేరు వేరు నొక్కులు ఉంటాయి. ఈ పద్ధతినంతా 'థియరీ' అంటారు. అది ఒంటబట్టడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

చాలామంది అది దాటుతారు. తర్వాత వచ్చే స్పీడ్ బిల్డింగ్ దగ్గర ఆగిపోతారు. నిమిషానికి 60 మాటలతో మొదలుపెట్టి 80, 100, 120 అంటూ 225 దాకా ఎక్కాలి. జాతీయ కోర్టు రిపోర్టర్ల సంఘం ఇచ్చే ఆర్‌పీఆర్ సర్టిఫికెట్‌కి మూడు వేగం పరీక్షలు: సాహిత్య పాఠం 180, జ్యూరీకి చెప్పే సూచనలు 200, ప్రశ్న-జవాబుల వాంగ్మూలం 225. ఒక్కొక్కటీ ఐదు నిమిషాలు, 95 శాతం సరిగ్గా ఉండాలి. వాంగ్మూలంలో అంటే 1125 మాటల్లో దాదాపు 56 తప్పుల దాకా క్షమిస్తారన్నమాట. కాలిఫోర్నియా లైసెన్సుకి వేగం 200 చాలు, కానీ నలుగురు మాట్లాడే పాఠం పది నిమిషాలు రాయాలి, ఖచ్చితత్వం 97.5 శాతం ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి, కొన్నిటిలో అసలు లేదు. కాబట్టి ముందు మీరున్న రాష్ట్రం నిబంధన చూసుకోండి. నేనైతే ఫీజు గురించి అడిగే ముందే ఈ సంగతి అడుగుతాను.

స్కూళ్ళు రెండేళ్ళని చెబుతాయి. మూడు, నాలుగేళ్ళు పట్టినవాళ్ళు కొల్లలు. చేరినవాళ్ళలో ఎక్కువమంది పూర్తి చేయరు. 140 దగ్గరో 180 దగ్గరో నెలల తరబడి ముల్లు కదలదు. ఆ రోజుల్లో మీ ఐదేళ్ళ పత్రికా అనుభవం ఏ మాత్రం పనికిరాదు, పీజీ అసలే పనికిరాదు. మెషీన్ ముందు మీరూ, ఇంటర్ పాసై వచ్చిన అమ్మాయీ ఒకటే. మీకు నచ్చజెప్పడానికి దీన్ని తియ్యగా చెప్పలేను. బాబు నిద్రపోయాక రోజుకి రెండు మూడు గంటలు, వారంలో ఐదారు రోజులు, ఫలితం కనబడకపోయినా వేళ్ళు ఆడించగలరా? మీ ఇంట్లో ఆ సమయం ఎవరి దగ్గర నుంచి తీసుకుంటారు? దీన్ని మీవారితో కూర్చుని మాట్లాడుకోవాలి. 'నీ ఇష్టం' అనడం అంగీకారం కాదు. రాత్రి ఎనిమిది నుంచి పది వరకు బాబు బాధ్యత నాది అంటే అంగీకారం.

ఇక చదివిన జర్నలిజం వృథా అవుతుందా అన్నారు. దీనికి నేరుగా బదులు చెప్పే ముందు మీ ఉత్తరంలో నాకు కనిపించిన ఒక సంగతి చెప్పాలి.

కళ్ళజోడు తుడుచుకున్న ఆ సాక్షి గురించి మీరు ఎనిమిది వరసలు రాశారు. ఉత్తరం మొత్తంలో బాగా రాసినవి అవే. కుర్చీలో అతను ఎలా కదిలాడు, కిటికీ వైపు ఎలా చూశాడు, అన్నీ కళ్ళకి కట్టాయి. కానీ కోర్టు రిపోర్టర్ రికార్డులో ఆ ఎనిమిది వరసల్లో ఒక్కటీ ఉండదు. ప్రశ్న ఉంటుంది, కింద జవాబు ఉంటుంది. రెండింటికీ మధ్య అర నిమిషం గడిచినా కాగితం మీద వాటి దూరం ఒక్క వరసే. సాక్షి తల ఊపితే రిపోర్టర్ దాన్ని 'అవును' అని రాయకూడదు. 'నోటితో చెప్పండి' అని లాయరు అడగాలి, లేదా 'సాక్షి తల ఊపినట్టు రికార్డులో ఉండాలి' అని ఎవరో ఒకరు పైకి అనాలి. సాక్షి తడబడి ఒకే మాట మూడుసార్లు మొదలుపెడితే మూడుసార్లూ రాయాలి. పత్రికలో ఉండగా మీరు కొటేషన్లు ఎన్నిసార్లు సాపు చేసి ఉంటారు? ఇక్కడ సాపు చేయడం నేరంతో సమానం.

జర్నలిస్టు పని ఏరడం. నాలుగు గంటల వాదనల్లోంచి నాలుగు వందల మాటలు ఏరి, ఏది ముందు, ఏది వెనక అని నిర్ణయిస్తాడు. కోర్టు రిపోర్టర్‌కి ఏరే హక్కు లేదు. విసుగు పుట్టించే ఇన్సూరెన్స్ పాలసీ నంబర్లకీ, గుండె పగిలే తల్లి మాటకీ ఒకే శ్రద్ధ. అందుకే 'జర్నలిజానికి దగ్గరి పని కదా' అనుకుని దీనిలోకి వెళ్ళకండి. గది అదే. పని మాత్రం దాదాపు తలకిందులు. ఇందులో సుఖపడే జర్నలిస్టులు ఉంటారు. హెడ్‌లైన్ ఒత్తిడి, ఎడిటర్ కత్తెర, 'యాంగిల్ ఏంటి' అనే ప్రశ్న, వీటన్నిటితో అలిసిపోయి, అన్నది అన్నట్టు పెట్టడంలో ఒక ప్రశాంతత దొరికినవాళ్ళు. మీరు అలాంటివారేనా అన్నది నాకు తెలియదు. ఉత్తరం చూస్తే మాత్రం మీ కన్ను ఇంకా ఏరుతూనే ఉంది.

అయితే మీ చదువులో పనికొచ్చే భాగమూ ఉంది, అది చిన్నది కాదు. పేర్లు సరిచూసుకునే అలవాటు, వాయిదాలు, మోషన్లు, అభ్యంతరాల పరిభాష, గడువు లోపల కాపీ ఇచ్చే క్రమశిక్షణ. కోర్టులో మూడు గంటలు రాస్తే ఆ తర్వాత దాన్ని దిద్దడానికి అంతసేపు, కొన్నిసార్లు రెట్టింపు సేపు పడుతుంది. అక్కడ డెస్క్ మీద పెరిగిన మనిషి తేలిగ్గా నెగ్గుకొస్తుంది. దిద్దే పనిని కొందరు 'స్కోపిస్టు'లకి ఇస్తారు. ట్రాన్‌స్క్రిప్టుని ఆడియోతో పోల్చి దిద్దిపెట్టడమే వాళ్ళ పని, ఇంటి నుంచే చేస్తారు. వేగం పరీక్షలు లేకుండా ఈ లోకంలోకి తొంగి చూడాలంటే అదొక కిటికీ. దానికి కూడా మెషీన్ రాత చదవడం, ఆ సాఫ్ట్‌వేర్ వాడకం నేర్చుకోవాలి.

ఇంగ్లీషు భయం గురించి. మీ ఉచ్చారణ అడ్డు కాదు, మీరు ఎక్కువ మాట్లాడే పని కాదిది. చూసుకోవలసింది చెవి. వినబడిన మాట అర్థం కాక మనసు ఒక్క క్షణం ఆగితే వేళ్ళు ఆగుతాయి, ఆ లోపు నాలుగు మాటలు దాటిపోతాయి. దాన్ని 'డ్రాప్' అంటారు. ఇక్కడి నానుడులు, బేస్‌బాల్ ఉపమానాలు, మందుల పేర్లు, మెకానిక్‌ల మాటలు, ఇవి మీకు పుట్టుకతో రాలేదు. కష్టపడి పోగేసుకోవాలి. అలాగని ఇక్కడే పుట్టినవాళ్ళకి చెవులు పరిపూర్ణంగా ఉంటాయనీ అనుకోకండి. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఫిలడెల్ఫియాలో పనిచేస్తున్న కోర్టు రిపోర్టర్లకి నల్లజాతి అమెరికన్ల మాండలికంలో వాక్యాలు వినిపించి రాయించారు. 95 శాతం ఖచ్చితత్వంతో సర్టిఫై అయినవాళ్ళే, కానీ ప్రతి పది వాక్యాల్లో దాదాపు నాలుగు ఎక్కడో ఒకచోట తప్పుగా వచ్చాయి. కొన్నిచోట్ల అర్థమే తిరగబడింది. రకరకాల ఇంగ్లీషులు వింటూ పెరిగిన మీకు, వినబడనిదాన్ని ఊహించి పూరించకూడదన్న జాగ్రత్త బహుశా వాళ్ళకంటే ఎక్కువ ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి, దీన్ని మన ఆడపిల్లలకి చెప్పాలనిపిస్తుంది. వినబడకపోతే రిపోర్టర్ ఆపాలి. లాయర్లని, సాక్షిని, అవసరమైతే జడ్జిగారిని కూడా. 'ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి' అని గట్టిగా అనాలి. పెద్దవాళ్ళ మాటకి అడ్డు రాకూడదని నేర్చుకుని పెరిగినవాళ్ళకి ఇది 225 వేగం కంటే కష్టం. కోర్టు బీట్ చేశారు కాబట్టి మీకు ఆ బెరుకు పోయే ఉంటుంది.

ఏఐ సంగతికి వద్దాం. మీవారి అనుమానం కొట్టిపారేసేది కాదు. చాలా రాష్ట్రాల కోర్టుల్లో ఇప్పటికే రిపోర్టర్ బదులు ఆడియో రికార్డింగే నడుస్తోంది. ఏఐతో ముడి ప్రతి తీసి మనిషి చేత దిద్దించే కంపెనీలూ వచ్చాయి. చిన్న కేసులు, లాంఛనంగా సాగే విచారణలు క్రమంగా అటే పోతాయని నా అంచనా. ముగ్గురు ఒకేసారి అరిచే క్రాస్ ఎగ్జామినేషన్లు, పేటెంట్ కేసులు, వైద్యుల వాంగ్మూలాలు, కోట్ల డాలర్లు ఆడే డిపోజిషన్లు ఇంకా చాలాకాలం మనిషినే అడుగుతాయి, ఎందుకంటే అక్కడ తప్పొస్తే బాధ్యత వహిస్తూ సంతకం పెట్టే మనిషి కావాలి. మరోవైపు, ఉన్న రిపోర్టర్లలో చాలామంది రిటైర్‌మెంట్‌కి దగ్గరగా ఉన్నారు, స్కూళ్ళు మూతపడుతున్నాయి. కోర్టులో మీరు పలకరించిన రిపోర్టర్ మిమ్మల్ని ఊరికే పిలవలేదు. కొరత నిజమే. ఆ కొరతే కోర్టుల్ని రికార్డింగ్ వైపు తోస్తోందన్నదీ నిజమే. పదేళ్ళకి పని ఉంటుందా అంటే, బాగా వచ్చినవాళ్ళకి ఉంటుందనుకుంటాను. బొటాబొటీగా పాసైనవాళ్ళకి ఆ హామీ ఇవ్వలేను.

పోలిక కోసం మీ పాత దారినీ చూడండి. 2005 నుంచి అమెరికాలో మూడోవంతుకు పైగా దినపత్రికలు, వారపత్రికలు మూతపడ్డాయి. నలభై దరఖాస్తులకి మూడు జవాబులు రావడం మీ చేతకానితనం కాదని తెలియడం కోసం చెబుతున్నాను. కోర్టు రిపోర్టర్ల మధ్యస్థ ఆదాయం అమెరికా కార్మికశాఖ లెక్కల్లో 2023లో ఏడాదికి 64 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. కోర్టు ఉద్యోగిగా ఉంటే జీతం, దానికి తోడు ట్రాన్‌స్క్రిప్టు అడిగినవాళ్ళు పేజీల లెక్కన ఇచ్చేది. ఫ్రీలాన్సర్‌గా ఉంటే వెళ్ళినందుకు కొంత, పేజీకి కొంత, అవతలి పక్షం కాపీ కొంటే మరికొంత. ఒక నెల నిండుగా, ఒక నెల బోసిగా ఉంటుంది. పెట్టుబడీ ఉంది: స్కూలు ఫీజు, సాఫ్ట్‌వేర్, వృత్తిలో వాడే కొత్త మెషీన్‌కి వేల డాలర్లు. మొదట్లో ఎవరూ కొత్తది కొనరు. విద్యార్థులకి అద్దెకి దొరుకుతాయి.

మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో తేల్చేసిన విషయం వీసా. నేను దాన్ని అంత తేలిగ్గా తీసుకోను. చదువుకోవడానికి హెచ్-4 చాలు. పనికి మాత్రం ఈఏడీ ఉండాలి, ఫ్రీలాన్స్‌కైనా సరే. మీ కార్డు మీవారి హోదా మీద నిలబడింది. ఆయన ఉద్యోగం కదిలితే అదీ కదులుతుంది. రెన్యువల్ ఆలస్యమై కార్డు గడువు దాటితే పని ఆపేయాలి, చేతిలో సగం దిద్దిన ట్రాన్‌స్క్రిప్టు ఉన్నా సరే. మీరే సొంతంగా హెచ్-1బీ తెచ్చుకుంటారా అంటే, ఆ వీసాకి డిగ్రీ తప్పనిసరైన కొలువు కావాలి. కోర్టు రిపోర్టర్‌కి డిగ్రీ అడగరు. అదే ఇక్కడ చిక్కు. ఫెడరల్ కోర్టు ఉద్యోగాలకి పౌరసత్వ షరతులు ఉంటాయి. అందుచేత మొదటి కొన్నేళ్ళు మీకు నిజంగా తెరిచి ఉండే తలుపు ఫ్రీలాన్స్ డిపోజిషన్లు. ఫీజు కట్టే ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. ఆ గంటకయ్యే ఖర్చు తర్వాత వచ్చే తలనొప్పి కంటే చౌక.

స్టెనో మెషీనే దారి అనుకోనక్కర్లేదు. కోర్టులో ఎవరు ఏమన్నా దాన్ని చిన్న గొంతుతో మాస్కులోకి తిరిగి పలికి, సాఫ్ట్‌వేర్ చేత రాయించే 'వాయిస్ రైటర్లు' ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌ని మీ గొంతుకే అలవాటు చేస్తారు కాబట్టి యాస పెద్ద సమస్య కాదు, ఒకేలా పలకడం ముఖ్యం. మెషీన్‌తో పోలిస్తే త్వరగా నేర్చుకోవచ్చు. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవు, కానీ ఒప్పుకునేవి పెరుగుతున్నాయి. కాలిఫోర్నియా కూడా 2022 చట్టంతో వీళ్ళకి లైసెన్సు దారి తెరిచింది. మూడేళ్ళు ఆగే ఓపిక ఇంట్లో లేకపోతే దీన్ని చూడండి.

మెషీన్ వచ్చాక కోర్టుకే కట్టుబడి ఉండాలనీ లేదు. టీవీ వార్తలకి ప్రత్యక్షంగా క్యాప్షన్లు రాసేవాళ్ళు, వినికిడి లోపం ఉన్న విద్యార్థికి క్లాసులో లెక్చరర్ మాటని తెరమీద అక్షరాలుగా చూపించేవాళ్ళు, ఇదే విద్యతో బతుకుతారు. చాలావరకు ఇంటి నుంచే. చిన్న బాబున్న ఇంట్లో ఇది ఆలోచించదగ్గది. నిజానికి జర్నలిజం చదివినవాళ్ళకి కోర్టు కంటే ఇదే దగ్గర అనిపిస్తుంది నాకు. బ్రేకింగ్ న్యూస్‌లో నాయకుల పేర్లు, దేశాల పేర్లు తడుముకోకుండా రాయగలగడం చిన్న విషయమా?

మీరు అసలు ప్రస్తావించనిది ఒకటుంది: కోర్టు దుబాసీ, అంటే ఇంటర్‌ప్రెటర్. తెలుగు తప్ప రానివాళ్ళు వాంగ్మూలం ఇవ్వవలసి వస్తే దుబాసీ కావాలి. ఫెడరల్ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష ఇప్పుడు స్పానిష్‌కే ఉంది. తెలుగు లాంటి భాషలకి వేరే అర్హతల పద్ధతి ఉంటుంది, రాష్ట్రాల్లో నమోదు పద్ధతులు ఉంటాయి. పిలుపులు రోజూ రావు. దాని మీదే ఇల్లు గడవదు. కానీ కోర్టు గదిలో కాలు పెట్టడానికి, స్పీడ్ బిల్డింగ్ సాగే రోజుల్లో ఉత్సాహం చావకుండా ఉండటానికి పక్కన పెట్టుకోదగ్గ పని.

పాత వృత్తినే వేరే రూపంలో కొనసాగించడం కూడా ఉంది. మీకు ఉద్యోగం ఇవ్వని పత్రికలు ఫ్రీలాన్స్ కథనం కొనవచ్చు. ఫెడరల్ కోర్టుల దస్తావేజులు చాలావరకు 'పేసర్' అనే వ్యవస్థలో పేజీకి 10 సెంట్లకి దొరుకుతాయి. మూడు నెలల్లో వాడకం 30 డాలర్లు దాటకపోతే అదీ వసూలు చేయరు. వీసా మోసాలు, జీతాల ఎగవేత, విద్యార్థుల కేసులు, వీటిని కాగితాలు చదివి రాసే తెలుగు విలేఖరులు ఎంతమంది ఉన్నారు? ఆ దారిలో డబ్బు తక్కువ, నిలకడ ఇంకా తక్కువ, దాన్ని దాచను. ఒక మెలిక కూడా ఉంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం ఇక్కడ కుదరదు. కోర్టు రిపోర్టర్ ఏ పక్షానికీ చెందకూడదు, అలా కనిపించను కూడా కూడదు. పగలు మీరు రికార్డు చేసిన కేసు గురించి రాత్రి కథనం రాయలేరు, స్నేహితులకి కబుర్లుగా కూడా చెప్పలేరు. రాయడాన్ని పూర్తిగా వదులుకోవాలని కాదు గానీ, కోర్టుల గురించి రాయడాన్ని దాదాపు వదులుకున్నట్టే.

పేరు గురించి అడిగారు. ట్రాన్‌స్క్రిప్టు చివరి పేజీలో ఒక ధ్రువపత్రం ఉంటుంది. 'ఇది యథాతథమైన, సంపూర్ణమైన రికార్డు' అని రిపోర్టర్ సంతకం చేస్తుంది, కింద పేరు, లైసెన్సు ఉన్నచోట దాని నంబరు. బైలైన్ పైన ఉంటుంది, ఇది కింద ఉంటుంది. చదివేవాళ్ళు పదిమందే, కానీ ఆ పదిమందిలో మనిషిని జైలుకి పంపాలా వద్దా అని తేల్చే జడ్జీలు ఉంటారు. మీ నాన్నగారికి పేపర్ కటింగ్ పంపినట్టు దాన్ని పంపలేరు. ఆ వెలితి ఉంటుంది. ఉండదని నేను చెబితే మీరు నమ్మరు కూడా.

ఇప్పుడే ఏ స్కూల్లోనూ చేరకండి. జాతీయ సంఘం వాళ్ళు మెషీన్ పరిచయం కోసం కొద్ది వారాల శిక్షణ ఉచితంగా నడుపుతారు. అది చేయండి. ఇంట్లోనే ఆడుకోవాలంటే 'ప్లోవర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకేసారి చాలా మీటలు పట్టుకోగల కీబోర్డు ఉంటే చాలు. వేళ్ళకి ఆ పని ఇష్టమో కాదో నెలలో తెలిసిపోతుంది. ఆ వారాల్లోనే ఒక పూట మళ్ళీ అదే కోర్టుకి వెళ్ళండి. రెండు నోటుపుస్తకాలు తీసుకెళ్ళండి. మొదటి గంట ఎవరు ఏ మాట అన్నారో అదొక్కటే, పట్టుకోగలిగినంత, చూపు కాగితం మీద నుంచి ఎత్తకుండా రాయండి. రెండో గంట మీకు నచ్చినట్టు రాయండి. ఏ గంట త్వరగా గడిచిందో, దేని తర్వాత భుజాలు తేలికపడ్డాయో చూసుకోండి. పీజీ, నాన్నగారు, ఏఐ, ఇవన్నీ పక్కనపెట్టి ఆ రెండు గంటల గురించి నాకు మళ్ళీ రాయండి.

అన్నట్టు, అంతా రాసి ఒకటి వదిలేశారు. కళ్ళజోడు తుడుచుకుని, కిటికీ వైపు చూసి, ఆ సాక్షి చివరికి ఏమన్నాడు? సిగ్నల్ చూశానన్నాడా, లేదన్నాడా? ఆ జవాబు మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు.